ఎడలో బీడీ

మూడోనాడు పాలు పోయడానికి శ్మశానానికి వచ్చినవాళ్లు ఓబులేసును పూడ్చిన చోట ఆకు పరిచి, పోయినవాడు తినాలని ఎడ పెట్టారు. అన్నీ ఆయనకిష్టమైనవే. రాగిసంగటి, కోడికూర, చివర్న ఒక బీడీ కట్ట.

"కొడుకే ముట్టిచ్చి ఒక దమ్ము లాగి పెట్టల్ల. అప్పుడే కాకి ముట్టేది," అన్నాడు ఆయన తమ్ముడు సుబ్బరాయుడు.

ఓబులేసు పెళ్లాం కొండమ్మ ఆ బీడీ కట్ట వైపు చూసింది. గండికోట ప్రాజెక్టు నీళ్లు మింగగా మిగిలిన చేను ఆ కట్టలు తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకే అమ్ముడుపోయింది. కర్నూలు ఆస్పత్రి వార్డులో అందరూ ఆయనలాంటి వాళ్లే. ప్రొద్దుటూరు లారీ డ్రైవరు, పులివెందుల అరటితోటల కూలీ, ఎక్కడివాళ్లో తెలియని ఇంకెందరో. ప్రతి మంచం పక్కనా ఏదో ఒకటి అమ్ముకుని వచ్చిన ఆడమనిషి. దేశమంతా ఆ ఒక్క గదిలో పడుకుని దగ్గుతోందనిపించేది. అయినా పోయిన మనిషితో పేచీ ఎందుకని ఊరుకుంది.

కొడుకు పవన్ బీడీ తీశాడు. రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపాడు. వెడల్పు కొసలో ఉఫ్‌మని ఊదాడు. గాలికి వీపు తిప్పి, దోసిలిలో పుల్ల దాచి ముట్టించాడు. దమ్ము లాగితే దగ్గు రాలేదు.

కొండమ్మ గుర్తుపట్టింది. ఆ ఊదటం మొగుడిది. ఆ వీపు తిప్పటం మొగుడిదే. మనిషిని పూడ్చారు గానీ అలవాటు ఇంకో ఒంట్లోకి దూరి ఆమె ఎదుటే నిలబడింది.

"యాడ నేర్చుకుంటివిరా?"

"ఆస్పత్రి గేటుకాడమా. నాయనకు చేతులు వణుకుతాంటే నేనే ముట్టిచ్చి ఇస్తాంటి." పవన్ తల వంచుకున్నాడు. "ఇప్పుడు లేకుంటే ఉండలేకపోతాండా."

ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది కోపం. మట్టికుప్ప వైపు తిరిగింది.

"సచ్చినాక గూడా నా కొడుకు నోటితోనే తాగల్లనా నీకు?"

కొడుకు పెదాల మీది బీడీ లాగి కాలితో నలిపింది. చెంబెడు పాలూ బీడీ కట్ట మీద కుమ్మరించింది.

"వదినా! పిచ్చి పట్టిందా? కాకి ముట్టదు. మాయన్న ఈడీడనే తిరుగుతాంటాడు!"

"తిరగనీ. బతికినన్నాళ్లు బీడీల కోసరం తిరగలేదా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఊరంతా నీ మొగాన ఉమ్ముతాది."

"ఉమ్మనీలేప్పా. మీయన్న ఉమ్మిన నెత్తురు ఎత్తిపోసినదాన్ని. మీ ఉమ్ముకు బెదురుతానా?"

పవన్ చేయి పట్టుకుని బోరింగు దగ్గరికి లాక్కుపోయింది. అతడు పుక్కిలించి ఊసేశాడు.

"రేపు మళ్లా బీడీకి నోరు పీకుతాదిమా."

"పీకనీ. నేనూ ఉంటా గదా, అది ఎంత మొండిదో చూస్తా," అని బోరింగు మళ్లీ కొట్టసాగింది.