నాగన్న నది దాటిందెందుకు

1953 జనవరిలో ఒక సాయంత్రం, ఆదోని పత్తిమిల్లులో పని ముగించుకొని వస్తున్న ఉరుకుందమ్మను బడి పంతులు శేషప్ప దారిలో ఆపాడు. ఆమె మొగుడు నాగన్న నైజాం నవాబు మీద తిరగబడి ప్రాణం పోగొట్టుకొని అప్పటికి ఐదేళ్లు. ఇరవై ఆరో తేదీ గణతంత్ర దినం సభలో అలాంటివాళ్ల భార్యలకు సన్మానమట.

"మీ ఆయన దేశం కోసరం పానమిచ్చినాడని రెండు మాటలు సెప్పితే సాలమ్మా" అన్నాడు పంతులు.

ఆమె తలూపింది.

వాళ్ల పల్లె తుంగభద్రకు అవతల, నైజాం ఏలుబడిలో ఉండేది. నవాబును వాళ్లెవరూ కళ్లారా చూసింది లేదు. ఆ పేరుతో ఊరిని ఏలింది భూస్వామి దేశాయి. ఉరుకుందమ్మ కాన్పయిన తొమ్మిదో రోజున, దేశాయి ఇంట్లో పెళ్లని వెట్టికి పిలుపొచ్చింది. ఆమెకు బదులు తానొస్తానని నాగన్న వెళ్లి కాళ్లు పట్టుకున్నా దేశాయి వినలేదు. మూడు రోజులు ఆమె పిండి విసిరింది. రవిక పాలతో తడిసి ఆరుతూనే ఉంది. ఇంటికి పంపేసరికి బిడ్డ తండ్రి ఒళ్లో చల్లబడి ఉంది.

పూడ్చి వచ్చాక నాగన్న ఒకే మాటన్నాడు. "నవాబు ఉన్నన్నాళ్లూ వీడుంటాడు. వీడున్నన్నాళ్లూ మనకు బిడ్డలుండరు."

ఆమెను వెంటబెట్టుకొని నది దాటి, నవాబు మీద పోరాడేవాళ్లు ఆదోని వైపు పెట్టిన శిబిరంలో చేరాడు. నవాబు సుంకం నాకా తగలబెట్టడానికి వెనక్కి వెళ్లిన రోజు తుపాకీ దెబ్బకు పోయాడు. తర్వాత సైన్యం వచ్చింది, నవాబు లొంగాడు. ఉరుకుందమ్మ ఆశగా ఊరికి పోతే, ఖద్దరు కట్టిన దేశాయి అరుగు మీదే కూర్చొని ఉన్నాడు. "వచ్చినావా? రేప్పొద్దున వాకిలి ఊడ్సను రా" అన్నాడు తలారి. వచ్చిన కాళ్లతోనే ఆమె తిరిగి నది దాటింది.

సభ రోజున, నది అవతలి నుంచి అతిథిగా వచ్చి శాలువా కప్పడానికి లేచిన పెద్దమనిషి ఆ దేశాయే. ఆమెను గుర్తు పట్టలేదు.

"నా మొగుడు జెండా కోసరం పోలేదు" అంది ఉరుకుందమ్మ, గొంతు పెంచకుండా. "నా బిడ్డ పాలకేడ్సి సచ్చిపాయ. ఆ పొద్దు నేను ఈయప్ప ఇంట్లో పిండి ఇసురుతాంటి. అందుకు పోయినాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "పాపం, మతి చెడినట్టుంది" అని దేశాయి నవ్వాడు. పంతులు తల వంచుకొని ఆమెను వేదిక దింపాడు. మర్నాడు మిల్లు మేస్త్రీ పని లేదు పొమ్మన్నాడు.

తోటి కూలి మేరి ఆమెను ఎమ్మిగనూరు తీసుకుపోయి, కేశవులనే నేతగాని ఇంట్లో కండెలు చుట్టే పనికి కుదిర్చింది.

"ఊరికే ఉండింటే ఈ కష్టం లేకపోవు గదక్కా" అంది దారిలో.

"నా మొగుని సావును అబద్ధం సేయబుద్ధి కాలేదు మేరీ."

నాలుగేళ్ల తర్వాత, నది అవతల ఆమె పల్లె మనిషి ఈరన్న ఎమ్మిగనూరు సంతకొచ్చి కనిపించాడు. ఎన్నికల్లో దేశాయే గెలిచినాడని చెప్పాడు. ఉరుకుందమ్మ ఆ సంగతి పట్టించుకోలేదు.

"వెట్టికి పిలిస్తే పోతాండారా ఇంకా?"

"ముసలోళ్లు పోతాండారు" అన్నాడు ఈరన్న. "పడుసోళ్లు పోరు. మొన్న ఒకన్ని స్తంభానికి కట్టి కొట్టినారు. అయినా పోలే."

ఉరుకుందమ్మ ఈరన్న దగ్గరికి జరిగింది.

"వాని పేరేంది?" అని అడిగింది.