దిగిరాని స్వరం

ఇంగ్లండులోని టిప్టన్‌లో కాలవగట్టు మీదున్న హెరాన్ పబ్బులో గ్లెనిస్ పొద్దున్నే బీరు పంపులు కడుగుతుంది. తరవాత వెనకగదిలోకి పోయి బల్లల మీది కుర్చీలు దించి, కప్పుకింద వేలాడుతున్న గిటార్ స్వరానికి తగలకుండా తల కాస్త వంచి నేల ఊడుస్తుంది. అరవైతొమ్మిది నవంబరు నుంచీ ఆ స్వరం అక్కడే ఉంది. వానరోజుల్లో ఇంత కిందికి జారుతుంది, ఎండకాస్తే మళ్లీ బిగుస్తుంది. గ్లెనిస్ కుక్క దాని కిందే పడుకుంటుంది. ఇన్నేళ్లలో కుక్కలు మారాయి గానీ చోటు మారలేదు. గిటార్ నేర్చుకునే కుర్రకారు వచ్చి దానికి శ్రుతి చేసుకుని, తలా ఒక గ్లాసు తాగి పోతుంటారు. వాళ్లలో ఒకడు తరవాత స్టేడియాలు నింపాడు. ఆ స్వరం పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

అది రెజ్ పార్ట్రిడ్జ్ వాయించిన స్వరం. రెజ్‌దీ, పాటలు పాడే క్లిఫ్ టిమ్మిన్స్‌దీ కలిపి కోల్ బార్జ్ అనే బ్యాండు. ఈ కథ చెబుతున్నవాడు ఆ బ్యాండు వ్యాను తోలినవాడు. నా సంగీతజ్ఞానం ఎంతంటే, డ్రమ్ముల వాడికి జ్వరమొచ్చిన రోజు నా చేతికి టాంబురీన్ అనే గజ్జెల పళ్లెం ఇచ్చారు. రెండో పాటలో క్లిఫ్ స్వయంగా వచ్చి, దాన్ని మర్యాదగా తీసుకుని, బదులుగా ఒక శాండ్‌విచ్ పెట్టాడు. కనక స్వరాల గురించి నేను చెప్పేది సగం నమ్మండి. మనుషుల గురించి చెప్పేది ఇంకొంచెం ఎక్కువ నమ్మొచ్చు.

మిసిసిపీ పత్తిచేలల్లో నల్లవాళ్లు పాడుకున్న దుఃఖాన్ని, బ్లూస్ అంటారు దాన్ని, ఓడల్లో వచ్చిన రికార్డుల్లో విని, మా ఊరి కొలుముల్లో ఇనప గొలుసులు చేసేవాళ్ల పిల్లలు నేర్చుకున్నారు. మొదట్లో సిగ్గుపడుతూ పాడారు, చప్పట్లు పడ్డాక సిగ్గు మరిచిపోయారు. అప్పట్లో కొట్లలో అమ్మే గిటార్ తీగలు జున్ను కోసే తీగల్లా ఉండేవి. వంచబోతే వేలు తెగేది. అందుకని రెజ్ మొదటి తీగ స్థానంలో సన్నటి బాంజో తీగ కట్టి, తక్కినవాటిని ఒక్కో మెట్టు పక్కకి జరిపేవాడు. ఆ తీగని వంచితే స్వరం ఏడ్చేది. ఆడపిల్లలు దానికంటే ఎక్కువ ఏడ్చేవాళ్లు. రెండు రికార్డులొచ్చాయి, లండన్ పిలిచింది.

ఆ నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ వెనకగదిలోనే నిదానం పాట ఒకటి ఎత్తుకున్నారు. ఇలాంటి పాటల్లో ఒకే వరుస రెండుసార్లు పాడాలి, మూడో వరుస దానికి జవాబు చెప్పాలి. మధ్యలో గిటార్ ఒక స్వరాన్ని పైకి వంచి, కిందికి దించి, గాయకుడికి దారివ్వాలి. రెజ్ వంచాడు. దించలేదు. జనం అరుస్తున్న కొద్దీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మూడో వరుస కోసం నోరు తెరిచిన క్లిఫ్ అలా తెరిచే ఉన్నాడు. చివరికి మైకు కింద పెట్టి, కోటు తగిలించుకుని, పెరటి తలుపులోంచి వెళ్లిపోయాడు.

"వస్తాడులే, వచ్చాకే దించుతా," అన్నాడు రెజ్.

క్లిఫ్ రాలేదు. కరెంటు తీసేశాం. స్వరం ఉండిపోయింది.

ఆపైన రెజ్ ఏ పాట మొదలెట్టినా ఆ స్వరం దగ్గరికొచ్చి ఆగిపోయేది. గడ్డికోత యంత్రాల బ్లేళ్లు నూరుకుంటూ బతికాడు. క్లిఫ్ బస్సు కండక్టరయ్యాడు. ఒకే ఊళ్లో ఉంటూ, ఒకడు ఎదురైతే ఇంకొకడు రోడ్డు దాటేవాడు.

మొన్న మార్చిలో ఒక మంగళవారం, పబ్బు తెరిచీ తెరవకముందే, క్లిఫ్ ముందు తలుపులోంచి వచ్చాడు. మెడకి మఫ్లరు. గొంతు గరుకు కాగితంలా ఉంది.

"గ్లెనిస్, వాణ్ణి పిలిపించమ్మా."

"ఎవర్ని, నాయనా?"

"వేళాకోళం వద్దు తల్లీ, ఓపిక లేదు."

వ్యాను తోలినవాడే మళ్లీ వెళ్లి రెజ్‌ని తెచ్చాడు. వాళ్లిద్దరూ స్వరం కింద ఎదురెదురుగా కూర్చున్నారు.

"గొంతులో కేన్సరట," అన్నాడు క్లిఫ్. "ఎల్లుండి కోసి స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఊపిరికి మెడలో కన్నం పెడతారు. మాటకి ఏమీ పెట్టరు."

రెజ్ గ్లాసు వైపు చూశాడు. "బస్సులో 'టికెట్, టికెట్' అని అరిచి ఎప్పుడో అరగ్గొట్టి ఉంటావు."

"నీలాగా బ్లేళ్లు నూరలేదుగా." క్లిఫ్‌కి దగ్గు వచ్చింది, చాలాసేపటికి తగ్గింది. "ఒరేయ్, నాకా మూడో వరుస కావాల్రా. నోట్లో పెట్టుకునే తిరుగుతున్నా. పెళ్లప్పుడు ఉంది, పిల్ల పుట్టినప్పుడు ఉంది, మా ఆవిడ షీలాని మట్టిలో పెట్టినప్పుడూ ఉంది. ఎల్లుండి దాన్ని కోసి పళ్లెంలో వేస్తారు. నీ స్వరాన్ని దించు. నాకు దారియ్యి."

రెజ్ చేతులు బల్ల మీద పెట్టాడు. వేళ్లు అల్లం కొమ్ముల్లా మెలితిరిగి ఉన్నాయి.

"వీటితోనా? పైగా దాన్ని దించాలంటే ముందు దాని ఎత్తుకి ఎక్కాలి. అదే తీగతో ఎక్కాలి. అది తుప్పు పట్టిపోయింది, పాటలు మానేశాక ముట్టుకోలేదు. తెగిందంటే ఇక అంతే."

"అయితే ఇంకోణ్ణి పిలుస్తా."

"ఎవణ్ణి? వీణ్ణా?"

ఇద్దరూ నా వైపు తిరిగి ఫక్కున నవ్వారు. యాభై ఏళ్ల తరవాత వాళ్లని కలిపి నవ్వించాను. సంగీతానికి నేను చేసిన సేవ అదే.

గిటార్ వచ్చింది. గ్లెనిస్ ముందు తలుపు గడియ పెట్టింది. రెజ్ మూడు వేళ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టి తీగని నెట్టాడు. స్వరం చెక్క పగిలినట్టు మూలిగి, అందక జారింది. మళ్లీ నెట్టాడు. గోటి కింద రక్తం కనిపించింది. మూడోసారికి కింది స్వరం పైకి పాకి, పైదాన్ని అందుకుని, రెండూ ఒకటయ్యాయి. రెజ్ పళ్లు బిగించి, బరువు తాడుతో దించినట్టు, నెమ్మదిగా, నెమ్మదిగా దించాడు. చివరికంటా దిగాక తీగ టప్పున తెగింది.

గదిలో నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం మాకెవరికీ అలవాటు లేదు. కుక్క లేచి నిలబడి భయంగా మా మొహాలు చూసింది.

క్లిఫ్ కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. ఆ గరుకంతా ఎక్కడికి పోయిందో! "కాలవ దాటి తడిసొచ్చా, లేచి నువ్వు తలుపు..."

తలుపు దగ్గర ఆగి, నోరు మూశాడు.

"తియ్యి అనరా!" అరిచాడు రెజ్, వేళ్లలోంచి రక్తం కారుతుంటే. "దీనికోసమేనా నా చేతులు చీల్చుకుంది! ఆ ఒక్క ముక్కా అనేసి పోరా!"

క్లిఫ్ తల అడ్డంగా ఊపాడు. కప్పు వైపు ఒకసారి చూసి, కోటు తగిలించుకుని, ఆనాటిలాగే పెరటి తలుపులోంచి వెళ్లిపోయాడు.

రెజ్ తిట్టడానికి లేచి, అలాగే ఆగాడు. క్లిఫ్ పోయినా పాట పోలేదు. కప్పుకింద, పాత స్వరం ఉండే చోటే, క్లిఫ్ గొంతు వేలాడుతోంది. కుక్క రెండు చుట్లు తిరిగి దాని కింద పడుకుంది.

చెప్పినట్టే మూడోనాడు డాక్టర్లు కోశారు.

ఇప్పుడు ఆదివారాలు రెజ్ కొత్త తీగ కట్టి, వేళ్లు సహకరించినంతమేర, ఆ గొంతు కింద మెల్లగా వాయిస్తాడు. వచ్చినవాళ్లు చెవులొగ్గి వింటారు. పైనుంచి "లేచి నువ్వు తలుపు..." అని సాగుతుంటే ఎంతసేపని కూర్చుంటారు? ఎవరో ఒకరు ఉండబట్టలేక లేచి వెళ్లి పెరటి తలుపు తీస్తారు.

మెడలో కన్నం మీదుగా మఫ్లరు చుట్టుకుని క్లిఫ్ లోపలికొస్తాడు.