అంచు జొన్నలు

మా ఆసామి ఓబుల్రెడ్డికి తన ముక్కంటే శానా గర్వం. నెయ్యి వాసన చూసి ఏ బర్రెదో చెప్తాడని ఊరోళ్లంతా పొగిడి పొగిడి చెడగొట్టినారు. ఆ ముక్కుతోనే నా మొగుడు బొజ్జన్నను దొంగను చేసినాడు.

గంజి కేంద్రాలు పెట్టిన కరువు రోజులవి. రెడ్డి తన పాతర తీయించినాడు. పాతరంటే జొన్నలు దాసే గొయ్యి. తీసి చూస్తే గొయ్యి నడిమి జొన్నలు, మంచివి, మూడు మూటలు తక్కువ. ఎవుడో ముందే మూత తీసినాడు. నాలుగు దినాలు పోయినాంక రెడ్డి మా వాకిట్లో నిలబడి, పొయ్యి మీది రొట్టె వాసన చూసి, ఇది పాతర వాసనే అన్నాడు. కూలి కింద ఇచ్చిన జొన్నలే అంటే వినల్యా. కూలికి కొలిచేది ఇంట్లో గాదెలోవి, వాటికి ఈ వాసన యాడిదని నా నోరు మూయించినాడు. బొజ్జన్నను ఈడ్చుకపోయి పశువుల గుంజకు కట్టేసినారు. సాయంత్రానికి పోలీసులొస్తారంట. వాళ్ల చేతిలో పడితే మనిషి మిగలడని నాకు తెల్సు.

నా ఒళ్లు మండిపోయింది. ఇంట్లో మిగిలిన జొన్నలు కొంగులో కట్టుకోని పోయినా. రెడ్డి వాకిట్లో నడిమి జొన్నలు ఎండబోసి ఉండాయి. అడ్డమొచ్చినోళ్లను తోసేసి అవి ఒక దోసెడు, నావి ఒక దోసెడు చేటలో వేరువేరుగా పోసి ఆయప్ప ముందర పెట్టినా.

"అంత ముక్కుండాది గదా రెడ్డీ, చూడు."

చూసినాడు. మళ్లా చూసినాడు. నడిమి వాటికి వాసనే లేదు. నావి గొయ్యి గోడలకానుకోని, చెమ్మ తగిలి ముక్కిపోయిన అంచు జొన్నలు. కంపు కొడతాండాయి. నీకు పోయినవి నడిమివి, నా ఇంట్లో ఉండేవి అంచువి అని చెప్పినా.

అంచువి బర్రెలకు గూడా పెట్టొద్దు, పెంటదిబ్బలో పారబోయమంటి గదా అని రెడ్డి గొణుక్కున్నాడు. తలుపుకాడ వాళ్లమ్మ రామసుబ్బమ్మ నిలబడి ఉండాది. మాకు కూలి కొలిచేది ఆయమ్మే. నా మొగుణ్ణి కట్టేసిన కాడినుంచి చూస్తానే ఉండాది. ఇప్పుడు గమ్మున లోపలికి తిరుక్కునింది.

రెడ్డి కట్లిప్పమని సైగ చేసినాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

"దొంగజొన్నలని నా మొగుణ్ణి కట్టేస్తివి. బర్రెలకు పనికిరానివి నా బిడ్డలకు కొలిచింది మీయమ్మ. ఆ గుంజకు ఇప్పుడెవుర్ని కడతావు రెడ్డీ?"