చేతులు కట్టుకునే మనిషి

మా ఇంటికి రోజూ పొద్దున్నే ఒకావిడ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. ఆవిడ ఉద్యోగమే అది. వయసు మీరినవాళ్ళకూ, కాలూ చెయ్యీ సరిగా ఆడనివాళ్ళకూ సాయానికి ఇంటికే మనిషిని పంపే సంస్థ ఒకటుంది. మా వదిన కోసం వాళ్ళు పంపిన మనిషి ఈవిడ. నేను పెట్టిన పేరు నిలువుటద్దం. ఎదురుగా నిలబడి చూస్తుందే తప్ప వేలు కదపదు.

వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయాక ఆవిడా నేనూ ఈ మూడో అంతస్తు వాటాలో కలిసే ఉంటున్నాం. నేను పెళ్ళి చేసుకోలేదు. బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఎదురుగా ఉన్న వరస కదలకపోతే నాకు ఊపిరాడదు. అలాంటి నాకు, పోయిన ఏడు పక్షవాతంతో కుడివైపు పడిపోయిన వదినను అప్పజెప్పి ఆసుపత్రివాళ్ళు చేతులు దులుపుకున్నారు.

నేనేమీ తక్కువ చేయలేదు. ముద్ద నేనే పెట్టాను. తల నేనే దువ్వాను. ఆవిడ దాహం అనకముందే గ్లాసు నోటి దగ్గర పెట్టాను. ఎంత చేసినా మనిషి మాత్రం కిటికీ పక్క కుర్చీలోకి రోజురోజుకీ కుంచించుకుపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మా వదిన మాటలు కూడా మానేసింది. నాకు భయం వేసేది. భయం వేసినకొద్దీ ఇంకా ఎక్కువ చేసేదాన్ని.

అప్పుడొచ్చింది నిలువుటద్దం. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వచ్చిన మొదటిరోజే దువ్వెన తీసి వదిన ఎడమచేతిలో పెట్టి, తన చేతులు వెనక్కి కట్టుకుంది.

"మీరే దువ్వుకోండి పెద్దమ్మగారూ. నేనిక్కడే ఉన్నాను" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దువ్వెన జారుతోంది, జుట్టు చిక్కు పడుతోంది, ఈవిడేమో నిమ్మకు నీరెత్తినట్టు చూస్తోంది. నేను ముందుకు వెళ్ళబోతే "చిన్నమ్మగారూ, ఆగండి" అని అడ్డం వచ్చింది. నా ఇంట్లో నన్నే ఆగమంది. చివరికి వదిన పాపిడి ఎడమ చెవి మీదుగా ఎటో వెళ్ళిపోయింది. అద్దంలో చూసుకుని వదిన నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. నేను వంటగదిలోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ పేరు మాత్రం మార్చలేదు.

తరవాత తరవాత వదిన వాకర్ పట్టుకుని నడిచింది, ఎడమచేత్తో జాకెట్టు బొత్తాలు పెట్టుకుంది, నన్ను తిట్టడం కూడా మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో సంస్థ నుంచి కబురొచ్చింది. ఎవరికి సాయం ఇంకా అవసరమో చూడ్డానికి ఒక అధికారి వస్తున్నాడట. తమ పని తాము చేసుకోగలిగితే సాయానికొచ్చే మనిషిని ఇంకో ఇంటికి పంపేస్తారు. కింది వాటాలో ఉండే, ఒకప్పుడు డ్రైవరుగా చేసిన తాతగారు పోయినవారం ఆ అధికారి ముందు ఠీవిగా బూట్ల తాళ్ళు తనే కట్టుకుని చూపించాడు. మర్నాటి నుంచి ఆయన ఇంటికి మనిషి రావడం లేదు. పక్కన నిలబడే తోడు లేక ఇప్పుడు ఆ బూట్లు గూట్లోనే ఉంటున్నాయి.

మా వదిన మళ్ళీ ఆ కుర్చీలోకి కుంచించుకుపోతుందేమోనని నా గుండెల్లో రాయి పడింది. ఆవిడను కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను.

"వదినా, ఆయన వచ్చినప్పుడు నువ్వేమీ చెయ్యకు. చెయ్యెత్తమంటే ఎత్తకు, నడవమంటే నడవకు. తెలిసిందా?"

"ఇంటికొచ్చిన మనిషి ముందు మూటలా పడుండమంటావా?"

"ఒక్క గంట. అంతే."

నిలువుటద్దం మా మాటలన్నీ వింది. "నన్నడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పలేనండీ. మీరేం చేసుకుంటారో మీ ఇష్టం" అంది. అద్దం కదా, ఇంకేం చెబుతుంది.

అధికారి కుర్రవాడే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మెత్తగా మాట్లాడుతూ, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకంలా కనిపించాడు. వదిన కుర్చీలో వాలిపోయి, నోరు కాస్త తెరిచి, కళ్ళు సగం మూసి కూర్చుంది. ఇంత నటన ఈవిడలో ఎన్నాళ్ళ నుంచి దాక్కుందో అనుకున్నాను.

"చెయ్యి ఎత్తగలరా అమ్మా?"

వదిన మూలిగింది.

"నాలుగు అడుగులు వెయ్యగలరా?"

ఇంకాస్త గట్టిగా మూలిగింది. ఆ రెండో మూలుగు కొంచెం ఎక్కువైంది గానీ, మొత్తానికి గట్టెక్కామనుకున్నాను. ఆ ధీమాతోనే ఒక పొరపాటు చేశాను. "టీ పెడతానుండండి బాబూ" అని వంటగదిలోకి వెళ్ళాను.

నా టీ సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. బస్సు వచ్చేలోపు తాగేయాలన్నట్టు పెడతాను. నీళ్ళూ, పాలూ, పొడీ, పంచదారా అన్నీ ఒకేసారి పోసి మంట పెద్దది చేస్తాను. పెళ్ళై మా ఇంటికొచ్చిన నాటి నుంచి ఒక్క అతిథికి కూడా మా వదిన నా చేతి టీ ఇవ్వనివ్వలేదు. గిన్నె చప్పుడు వినగానే అవతల గదిలో ఆవిడ మూలుగు ఆగిపోయింది. తరవాత వాకర్ చప్పుడు వినపడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"జరుగు" అంది వదిన గుమ్మంలోకొచ్చి. "నీళ్ళు మరగకుండానే పొడి వేశావా? ఆయన మనిషనుకున్నావా, సింకనుకున్నావా?"

నేను పెట్టింది పారబోసింది. ఎడమచేత్తో నీళ్ళు పట్టింది, పొడి వేసింది, పాలు పోసింది, తొణకకుండా వడగట్టింది. ఆవిడకు ఒకడుగు వెనక నిలువుటద్దం చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళ వెనక గుమ్మానికి ఆనుకుని అధికారి. కప్పు ఆయన చేతికిచ్చాక గానీ వదినకు తాను కుర్చీలో మూలగాల్సిన సంగతి గుర్తు రాలేదు.

"అదీ బాబూ సంగతి" అంది నావైపు దొంగచూపు చూస్తూ. "నేను లేస్తే మనిషిని కాను."

ఆయన పగలబడి నవ్వాడు. టీ మొత్తం తాగాడు, బాగుందన్నాడు. తరవాత కప్పు పెట్టేసి, "ఒకసారి బయటికి రండి, మాట్లాడాలి" అని నిలువుటద్దాన్ని పిలిచాడు. ఇద్దరూ మెట్ల దగ్గరికి వెళ్ళారు. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను.

"నడువు, ఇక ఆ మూలుగుతో పనిలేదు" అన్నాను వదినతో.

వదిన కదల్లేదు. ఎడమచెయ్యి గట్టు మీద ఆనించి అలాగే నిలబడింది. ముఖం పాలిపోయింది. కుడికాలు సన్నగా వణుకుతోంది.

"ఆవిడేదీ?" అంది.

"బయటుంది. పద, నేను పట్టుకుంటాను."

నా రెండు చేతులూ చాచేసరికి ఆవిడ ఇంకా బిగుసుకుపోయింది. ఇది నటన కాదు.

"పట్టుకోకే. నువ్వు పట్టుకుంటే నేను పడిపోతానని నీకు ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది. ఆవిడ చేతులు కట్టుకుంటే, పడను కాబోలు అనిపిస్తుంది."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నాళ్ళూ నా చేతులు ఆవిడకు చెప్పింది ఇదా? కోపం రాలేదు. ఏడుపొచ్చింది. చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకున్నాను. అవి నా మాట వినే చేతులు కావు. ఒకడుగు వెనక్కి వేసి, రోజూ నిలువుటద్దం నిలబడే చోట నిలబడ్డాను.

"నువ్వే రా వదినా. నేనిక్కడే ఉన్నాను."

వదిన నన్ను ఎగాదిగా చూసింది. నా చేతులు కనబడటం లేదని నమ్మకం కుదిరాక వాకర్ అందుకుంది. ఒకడుగు వేసింది. ఆగింది. కాలు వణికింది. నా గోళ్ళు నా అరచేతిలోనే దిగబడ్డాయి. ఇంకో అడుగు వేసింది. వంటగది నుంచి ఆ కుర్చీ దాకా ఉన్న దారి నాకంత పొడుగ్గా ఎప్పుడూ కనిపించలేదు. ఆవిడ కూర్చున్నాక చూస్తే ఇద్దరిలో ఎక్కువ చెమట పట్టింది నాకే.

తలెత్తితే అధికారి గుమ్మంలో ఉన్నాడు. తలుపు ఓరగా వేసి అంతా చూశాడని అప్పుడర్థమైంది.

"రోజూ ఇలా నిలబడగలరా అమ్మా?" అని నన్నడిగాడు.

"నావల్ల కాదు బాబూ" అన్నాను. నిజమే చెప్పాను. "ఈ ఒక్కసారికే ప్రాణాలు తోకకొచ్చాయి."

"అయితే సాయం అవసరమే" అన్నాడాయన. "పెద్దావిడకు సగం, మీకు సగం. వచ్చే ఆర్నెల్లూ ఈవిడ రోజూ వస్తారు. మీకు చేతులు కట్టుకోవడం నేర్పుతారు."

నిలువుటద్దం మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. వదిన అయితే కుర్చీ చెయ్యి మీద కొట్టి కొట్టి నవ్వింది. ఇద్దరికీ నేనే దొరికాను. దొరికితే దొరికాను, నాకు ఎంత సంతోషం వేసిందంటే పట్టలేక ఆ అధికారిని ఇంకో కప్పు టీ తాగి వెళ్ళమన్నాను. ఆయన వదినవైపు భయంగా చూశాడు.

ఇప్పుడు పొద్దున పూట మా ఇంట్లో ఇద్దరం నిలబడుతున్నాం. వదిన తల దువ్వుకుంటూ ఉంటే నిలువుటద్దం ఆవిడను చూడదు, నా చేతులు చూస్తుంది. చెయ్యి కాస్త ముందుకొస్తే "చిన్నమ్మగారూ" అంటుంది. నేను మళ్ళీ కట్టుకుంటాను.

నిన్న సాయంత్రం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వదిన కుర్చీలోంచి లేచి వాకర్ అందుకుంది.

"టీ పెడదాం రావే" అంది. "చేతులు వెనక్కి పెట్టుకుని రా. పొడి డబ్బా జోలికి మాత్రం రాకు."

నేను చేతులు కట్టుకుని ఆవిడ వెనకాలే వెళ్ళాను.