నాన్న పేరు

అడవుల్లో తిరిగి బతికే పెనాన్ తెగవాళ్ళు పోయినవాళ్ళ పేరు నోటితో అనరు. అంటే పోయిన మనిషి తిరిగి చూస్తాడు, ఎవరో ఒకర్ని వెంటబెట్టుకు పోతాడు. మొగుడు పోయిననాటి నుంచీ మెనిత్‌ను కూడా అందరూ బాలు అనే పిలుస్తున్నారు. బాలు అంటే మొగుడు పోయినామె. నాన్న పోయిన ఈ నలభై ఏళ్ళలో ఆయన పేరు ఆమె నాలుక మీదికి రాలేదు.

ఆ పొద్దున నాన్నను పాతిన గట్టు మీద నిలబడింది. పక్కన చెల్లెలి కొడుకు లెజెంగ్, విదేశం నుంచి వచ్చిన హక్కుల సంఘం పిల్ల. లోయ అవతల కలప కంపెనీ రంపం ఆగకుండా అరుస్తోంది.

"తాతల నాటి నేల మనదేనని దేశాలన్నీ చేతులెత్తి ఒప్పుకున్నాయి పెద్దమ్మా. జెనీవా వెళ్ళినప్పుడు చెప్పారు, విన్నాను."

"ఏం విన్నావో గానీ, తిరిగొచ్చి వారం రోజులు ముక్కు చీదావు."

"సరేలే. పైవారం కోర్టులో అందుకు రుజువు పెట్టాలి. ఇక్కడ పాతింది ఎవర్నో పేరుతో రాసుకుంటారట."

"మా నాన్నని రాసుకోమను."

లెజెంగ్ ఆ పిల్ల భాషలో చెప్పాడు. ఆ పిల్ల తలూపింది గానీ రాయలేదు.

"నాన్న అందరికీ ఉంటాడు, పేరు కావాలంటోంది."

"నీకు తాతేగా. నువ్వే చెప్పు."

"నాకు ఆ పేరు ఎవరు చెప్పారు గనక? ఇప్పుడున్నవాళ్ళలో తెలిసినదానివి నువ్వొక్కదానివే."

అదీ నిజమే. పాతిన రోజే గుడిసెలు వదిలి అందరూ అడవి లోపలికి వెళ్ళిపోయారు. పెనాన్ల పద్ధతి అది. ఇక్కడెవరూ ఎప్పుడూ బతకలేదని కంపెనీ అనేది కూడా అందుకే.

లెజెంగ్ చెవులు మూసుకుని అటు తిరిగాడు.

బాలు చెప్పింది.

ఆకు కదల్లేదు. ఒళ్ళు వణుకుతుందనుకుంది, అదీ లేదు. ఎవరో పక్కింటివాళ్ళ పేరు అన్నట్టుంది.

ఆ పిల్ల ఏదో అంది. లెజెంగ్ చేతులు దించి విన్నాడు.

"ఏమంటుందిరా?"

"రంపం మోతలో వినపడలేదట. ఇంకోసారి చెప్పమంటోంది."

బాలు మళ్ళీ చెప్పింది, ఈసారి గొంతెత్తి, నిదానంగా. లెజెంగ్‌కు చెవులు మూసుకునే వ్యవధి లేకపోయింది.

రాయడం అయ్యాక, మీ అమ్మను పాతింది ఎటు అని ఆ పిల్ల బాలును అడిగింది.

బాలు ముందు నడిచింది.