తాళంచెవికి ఎర్ర గుడ్డ

ఆవిడకి నీళ్ళంటే భయం. ఈ మాట విన్నవాళ్ళందరూ నవ్వేవాళ్ళు, ఎందుకంటే ఆవిడ కుట్టేది జాకెట్లూ లంగాలూ కాదు, పడవల తెరచాపలు. రేవు పక్కన రేకుల షెడ్డులో, గదంతా పరిచిన మందపాటి గుడ్డ మధ్య మోకాళ్ళ మీద పాకుతూ ఇరవై ఏళ్ళుగా కుడుతోంది. తను కుట్టిన చాప కింద కూర్చుని పట్టుమని పది నిమిషాలు నీళ్ళ మీద తిరిగిన పాపాన పోలేదు.

మొగుడేమో ఇంజన్ మెకానిక్. ఎవరో వదిలించుకున్న పాత తెరచాప పడవ కొని, రెండేళ్ళు దానికి ఊడిగం చేసి, ఆదివారాలు పెళ్ళాన్ని కూడా ఎక్కించడం మొదలుపెట్టాడు. బతిమాలి కొన్నిసార్లు, వెక్కిరించి కొన్నిసార్లు.

ఎక్కిన మొదటిరోజే ఆవిడకొక శత్రువు దొరికింది. చాప ఎత్తి ఇంజన్ ఆపేశాక గేరు న్యూట్రల్‌లో ఉంటే, నీళ్ళ తోపుకి పడవ అడుగున ఉన్న పంకా తనంతట తనే తిరుగుతుంది. దాన్ని పట్టుకున్న ఇనుప కడ్డీ కూడా తిరుగుతుంది. కాళ్ళ కింద పలకల్లోంచి ఒకటే గుంయ్ మనే మోత. ఆ కడ్డీ ఊడిపోతుందనీ, ఆ కన్నంలోంచి సముద్రమంతా లోపలికి వచ్చేస్తుందనీ ఆవిడకి ముచ్చెమటలు పోసేవి.

"దీనికి న్యూట్రలే మంచిదే పిచ్చిదానా," అనేవాడాయన. "రివర్స్‌లో పెడితే మోత ఆగుతుంది, నిజమే. కానీ నీళ్ళు తోసి తోసి గేరు బిగుసుకుపోతుంది. మళ్ళీ ఇంజన్ తిప్పితేగాని కర్ర కదలదు."

"బిగుసుకోనివ్వండి. ఇక్కడ నా గుండె ఆగిపోతే ఏ ఇంజన్ తిప్పుతారు?"

ఆయన ఓడిపోయాడు. ఓడిపోయి ఒక షరతు పెట్టాడు. ఆ గేరు కర్ర పక్కన గుర్తులు అరిగిపోయాయి, ఎందులో ఉందో చూస్తే తెలియదు. అందుకని రివర్స్‌లో పెట్టినప్పుడల్లా ఇంజన్ తాళంచెవికి ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ కనిపిస్తే, వెనక ఎవరూ లేరని చూసుకున్నాకే చెవి తిప్పాలి. ఆ గుడ్డ ఆవిడే కత్తిరించింది, షెడ్డులో మిగిలిన ఎర్ర చాప ముక్కలోంచి.

ఆ ఆదివారం ఒడ్డు సన్నటి గీతలా కనిపించేంత దూరం వెళ్ళారు. గేరు రివర్స్‌లో ఉంది, మోత లేదు, ఆవిడ ప్రాణం హాయిగా ఉంది. తాడు బిగిస్తుంటే ఆయన వేలు చీరుకుపోయి రక్తం బొటబొటా కారింది. ఆవిడ అటూ ఇటూ చూసి, చేతికందిన ఎర్ర గుడ్డ లాగి వేలికి చుట్టి, కుట్టుపని వాళ్ళ ముడి ఒకటి బిగించింది. "పెళ్ళిలో కూడా ఇంత గట్టి ముడి వెయ్యలేదే," అని ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఇద్దరిలో ఒక్కరికీ తాళంచెవి గుర్తు రాలేదు.

ఆ నవ్వు మొహంతోనే ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పక్కనుంచి ఒక అల కొట్టింది. దబ్బున చప్పుడు. చూస్తే మనిషి లేడు.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆయన నూరుసార్లు నూరిపోసిన పని చేతులే చేశాయి. చాప తాడు వదిలేసింది. పడవ నెమ్మదించి ఆగినంత పనైంది. ఆయన లైఫ్ జాకెట్ వేసుకునే ఉన్నాడు, వెనక నిచ్చెన వైపు ఈదుతున్నాడు. కానీ గాలి పడవని నెడుతోంది, దూరం తరగడం లేదు. ఆ చన్నీళ్ళలో పావుగంట దాటితే వేళ్ళు పనిచెయ్యవని ఆయనే చెప్పాడు.

ఇంజన్! తాళంచెవి మీద చెయ్యి వేసింది. గుడ్డ లేదు. అంటే న్యూట్రల్. తిప్పబోయింది.

"ఏమే!" అని కేక వినిపించి తలెత్తింది. ఆయన చెయ్యెత్తి ఊపుతున్నాడు. ఆ చేతికి ఎర్రగా ఏదో ఉంది.

రక్తం అనుకుంది. తర్వాత గుడ్డ అని తెలిసింది. ఆ తర్వాత, ఆ గుడ్డ ఎక్కడ ఉండాల్సిందో తెలిసింది. చెవి నిప్పులా కాలినట్టు చెయ్యి లాగేసుకుంది. పంకా రెక్కలకీ మొగుడికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు.

గేరు కర్ర పట్టుకుని లాగింది. కదల్లేదు. కాలితో తన్నింది. కదల్లేదు. ఇంజన్ తిప్పితేగాని రాదు, తిప్పితే పడవ ఆయన మీదికే పోతుంది. ఆవిడ ఏడ్చింది, వెర్రిదానిలా గట్టిగా. ఏడుస్తూనే ఒకటి తట్టింది. వెనక్కి పోయే పడవకి ఆయన ముందు ఉంటే?

చాప తాడు బిగించింది. పడవ కదిలి ఆయనకి దూరంగా పోయింది.

"ఎటు పోతున్నావే!" ఆ గొంతులోని భయం ఆవిడ పెళ్ళైనప్పటినుంచీ ఎన్నడూ వినలేదు. చుక్కాని పిడి ఒళ్ళోకి లాక్కుని, ఒంటరిగా ఎప్పుడూ తిప్పని పడవని గుండ్రంగా తిప్పింది. చాప ధడేలున అటుపక్కకి కొట్టుకుంది. తను వేసిన కుట్లే, తెగలేదు. గాలికి ఎదురుగా, ముందు కొన సరిగ్గా ఆయన వైపు ఉండగా, నలభై అడుగుల దూరంలో పడవ ఆగింది.

చెవి తిప్పింది. ఇంజన్ గుర్రుమంది, పడవ ఒక్క ఊపున వెనక్కి పోయింది, ఆయన నుంచి దూరంగా. బిగుసుకున్న గేరు కర్ర ఇప్పుడు లాగగానే కదిలి న్యూట్రల్‌లోకి వచ్చేసింది.

తర్వాత మెల్లిగా ముందుకి, పక్కకి చేరగానే న్యూట్రల్, ఇంజన్ బంద్. కాలరు పట్టుకుని ఆయన్ని నిచ్చెన మీదుగా లాగింది. ఇద్దరూ పలకల మీద పడి చాలాసేపు లేవలేదు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

మళ్ళీ చాప లాగి ఇంటిదారి పట్టారు. కాసేపటికి పలకల కింద గుంయ్ మని మొదలైంది. ఆయన వణుకుతూనే గేరు కర్ర మీద చెయ్యి వేశాడు. "రివర్స్‌లో వెయ్యనా? నీకు భయం కదా."

"ముట్టుకున్నారంటే చెయ్యి విరిచేస్తాను."

ఒడ్డు చేరేదాకా ఆవిడ రెండు పాదాలూ పలకల మీద ఆనించే కూర్చుంది. మధ్యలో గాలి పడిపోయి ఒకటి రెండుసార్లు మోత సన్నబడింది. సన్నబడినప్పుడల్లా ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి, మొగుడు పడవలోనే ఉన్నాడా అని చూసుకుంది.