వెనక గదికి వేసిన గొట్టం

మా ఇంట్లో హాల్లో కూర్చుంటే చెమట పడుతుంది, వెనక గదిలో కూర్చుంటే ముక్కు గడ్డకడుతుంది. రెండింటికీ మధ్య ఉన్నది చిన్న నడవా. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఈ ఓమరు ఊళ్ళో మాలాంటివాళ్ళకి అద్దెకిచ్చే ఇళ్ళన్నీ ఇంతే. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపునుంచి కాస్తాడు కాబట్టి ఆ వైపు గదులకి కాస్త ఎండ తగులుతుంది. దక్షిణం గది చలికాలం మొదలయ్యే మే నెలలో ఎండ మొహం చూడటం మానేసిందంటే మళ్ళీ సెప్టెంబరులోనే. ఆ గది గోడ మీద నల్లటి బూజు లేస్తుంది. నేను వెనిగర్ పోసి తుడుస్తాను. అది మళ్ళీ లేస్తుంది. మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఇదే పని.

ఆ గది మా పెద్దవాడు సెమిసిది.

చలికాలం వచ్చిందంటే మేం హాల్లో పరుపులు పరుచుకుంటాం. అక్కడ అద్దం తలుపున్న ఇనప కట్టెల పొయ్యి ఉంది. ఒక్క గదినే వెచ్చబెట్టుకోగలం కాబట్టి అందరం ఒక్క గదిలోనే పడుకుంటాం. నేను, మా ఆయన మాఫి, ఆడపిల్లలు పిసిల, తూపో. టోంగా దీవులనుంచి ఈ ఊరొచ్చిన మా వాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. సెమిసి మాత్రం రాడు. వాడికి పదిహేడేళ్ళు. చెల్లెళ్ళు పడుకున్న గదిలో అన్న పడుకోడు. వాళ్ళు టీవీ చూస్తుంటే అటువైపు రాడు, వాళ్ళ గుట్టు మాటలు చెవిన పడే చోట నిలబడడు, వాళ్ళ ముందు నోరు జారడు. మా అన్నలకి మా అమ్మ నేర్పింది, వీడికి నేను నేర్పాను. మా హాపై దీవిలో ఎదిగిన మగపిల్లలకి పెరట్లో వేరే గుడిసె ఉండేది. మా అన్నలు అందులో గిటారు వాయించుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూ పెరిగారు. ఆ గుడిసెలో పడుకున్నందుకు ఎవడూ చావలేదు. అక్కడ చలి లేదు, అంతే తేడా.

పోయినేడు సెమిసికి గొంతు నొప్పి వచ్చింది. ఆ తర్వాత మోకాళ్ళు వాచాయి. డాక్టరు వాడి గుండె చాలాసేపు విని రుమాటిక్ జ్వరం అన్నాడు. గొంతులో మొదలై, కీళ్ళలోకి దిగి, చివరికి గుండెని పట్టుకునే జబ్బు. అప్పటినుంచీ నెలనెలా వాడికి ఇంజెక్షన్ చెయ్యడానికి నర్సు హెదర్ ఇంటికి వచ్చేది. ఏప్రిల్లో ఒకరోజు ఆవిడ వెనక గది గోడకి అరచెయ్యి ఆనించి చూసుకుంది. చెయ్యంతా తడి.

"లెసీలీ, నా ఇంజెక్షన్ ఆ జ్వరం తిరగబెట్టకుండా చూస్తుంది, అంతవరకే. ఈ గదిలో పడుకుని నిమోనియా తెచ్చుకుంటే మాత్రం వీడి గుండె తట్టుకోలేదు. చలి ముదిరేలోగా ఈ గది వెచ్చబడాలి. ఎలాగైనా సరే," అంది.

పోతూ పోతూ ఒక చిన్న పెట్టె ఇచ్చింది. గదిలో వేడి ఎంతుందో చూపిస్తుంది, రాత్రి ఎంతకి పడిపోయిందో కూడా గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సెమిసి మంచం పక్కన పెట్టాను.

ఇంటి ఓనరుకి ఫోన్ చేశాను. "హాల్లో పొయ్యి ఉందిగా, చట్టం అడిగేది అంతే," అన్నాడు. నిజమే, చట్టం అంతే అడుగుతుంది. చట్టానికి మగపిల్లలు లేరు కాబోలు. కరెంటు హీటరు తెచ్చి పెడితే ఇల్లంతా చీకటైపోయింది. ఆ గది వైర్లు ముసలివి, హీటరు పెట్టొద్దని మళ్ళీ ఆయనే మమ్మల్ని తిట్టాడు. ఆ ఓనరు గోడల్లో చలి ఆపేది గుప్పెడు కూడా లేదు, నోట్లో మాత్రం దేనికైనా జవాబుంటుంది.

ఇక సెమిసినే బతిమాలాను.

"ఈ ఒక్క చలికాలం హాల్లో పడుకోరా."

"మరి చెల్లెళ్ళో?"

"మా గదిలో పడుకుంటారు. రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుతాను."

"వాళ్ళని చలిలోకి తోసి నేను పొయ్యి పక్కన కాళ్ళు చాపుకోనా? అత్తకి తెలిస్తే నన్ను వీధిలో నిలబెట్టి కడుగుతుంది."

"మీ అత్త సంగతి నేను చూసుకుంటాలే."

"నువ్వా? అత్త కారు హారన్ వినపడితే చాలు, చీపురు అందుకుంటావు!"

అది నిజమే. మాఫి అక్క లవీనియా అంటే నాకే కాదు, మాఫికీ భయమే. మాలో మేనత్త మాటకి తిరుగులేదు. పెళ్ళికైనా చావుకైనా పెద్ద పీట ఆమెదే. అయినా ఆమె కాదంటుందని కాదు, సెమిసి తనంతట తనే ఆ పని చెయ్యడు. చెల్లెళ్ళకి తక్కువది ఇచ్చి తను మంచిది తీసుకోవడం వాడికి చేతకాదు.

మాంసం ఫ్యాక్టరీలో మాఫితో పనిచేసే మకీసి మా దీవివాడే. నన్ను అక్కా అంటాడు. ఇంటి పనులన్నీ వచ్చు. ఒకసారి వచ్చి, హాల్లో కుర్చీ ఎక్కి సీలింగ్ దగ్గర చెయ్యి పెట్టి చూసి నవ్వాడు.

"అక్కా, నీ వేడంతా ఇక్కడ ఊరికే కూచుని సోమరిపోతులా తింటోంది. అటకలో ఒక ఫ్యాను పెట్టి, గొట్టం వేసి, దీన్ని లాగి వాడి గదిలో పోద్దాం."

శనివారం పొద్దున్నే మాఫి, మకీసి అటక ఎక్కారు. పొయ్యికి కాస్త దూరంలో సీలింగ్‌కి ఒక రంధ్రం, సెమిసి మంచం పైన ఒక రంధ్రం, రెండింటినీ కలుపుతూ వెండి రంగు మెత్తటి గొట్టం. నేను చేమాకుల్లో మాంసం చుట్టి, కొబ్బరిపాలు పోసి, లూ వండాను. మధ్యాహ్నం ఫ్యాను వేసేసరికి అందరం వెనక గదిలో చేరి, చర్చిలో లాగా చేతులు పైకెత్తి నిలబడ్డాం. సీలింగ్‌లోంచి వెచ్చటి గాలి మా అరచేతుల మీదకి దిగింది. నాకు ఏడుపొచ్చింది. పదకొండు డిగ్రీలు చూపిస్తున్న పెట్టె చూస్తుండగానే పన్నెండు, పదమూడు అంటూ ఎక్కసాగింది. సాయంత్రానికి పద్దెనిమిది. మాఫి సెమిసి మంచం చుట్టూ గంతులేశాడు.

అప్పుడే లవీనియా వచ్చింది.

"ఏరా మాఫీ, నా మేనల్లుడి గదికి విమానం ఇంజను పెట్టించావట?"

"అంతా నీ దీవెన అక్కా."

"నా దీవెన సరే, ముందు ఎండిన కట్టెలు కొనడం నేర్చుకో. పొయ్యిలో ఆ పచ్చి కట్టెలేంటి? వీడికి వేడి కాదు, పొగ పంపుతావు."

అందరం నవ్వాం. ఆ నవ్వులు విని, హాల్లో ఉన్న తూపో గొట్టం కింద నిలబడి అరిచింది. "సెమిసీ! నీ సాక్సుల కంపు ఇక్కడిదాకా వస్తోంది!" ఆ మాట సీలింగ్‌లోంచి ఊడిపడ్డట్టు మా నెత్తిన పడింది. మకీసి పొట్ట పట్టుకుని నవ్వాడు. వెంటనే పిసిల గొంతు వినపడింది. అది అరుపు కాదు, చెల్లెలికి మెల్లగా చెప్పుకుంటున్న మాట. "అరవకే బాబూ, అసలే కడుపు నొప్పి. ఇవాళే వచ్చింది నాకు."

సెమిసి తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కట్టెలు చీలుస్తా," అని ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. లవీనియా వాడు వెళ్ళినవైపు చూసి, "మంచి పిల్లాడు," అంది. అది నలుగురిలో మాట్లాడుకునే విషయం కాదు కాబట్టి ఎవరం మాట్లాడలేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

జూన్‌లో చలి ముదిరింది. పగలు ఎప్పుడు వెళ్ళి చూసినా వెనక గది హాయిగా ఉండేది. కానీ పొద్దున్నే సెమిసి బడికి వెళ్ళాక ఆ పెట్టె నొక్కితే, రాత్రి పడిపోయిన అంకె చూపించేది. తొమ్మిది. ఒక్కోసారి ఎనిమిది. కిటికీ అద్దం మీంచి నీళ్ళు కారి గట్టు మీద మడుగు కట్టేవి.

"రాత్రి చలేస్తోందా సెమిసీ?"

"లేదమ్మా, బానే ఉంటోంది."

"మరి ఇందులో తొమ్మిదేంట్రా?"

"అదొక అబద్ధాలకోరు. దాని మాట నమ్ముతావు, నా మాట నమ్మవు."

మకీసి మళ్ళీ వచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది, గొట్టం ఎక్కడా చిరగలేదు, చెయ్యి పెడితే గాలి వెచ్చగా వస్తోంది. చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

"తెల్లారేసరికి పొయ్యి చల్లబడుతోందేమో అక్కా. పైగా ఈ గది తలుపు వేసేస్తే లోపలి చలిగాలికి బయటికి పోయే దారి లేదు. అది పోతేనే కదా ఇది వచ్చేది?"

తలుపు ఊడదీసి అడుగున రెండు వేళ్ళ మందం కోసి మళ్ళీ బిగించాడు. ఆ రోజునుంచీ మాఫి నిద్రలో లేచి పొయ్యిలో కట్టెలు వేస్తూనే ఉన్నాడు. హాల్లో మేం దుప్పట్లు తన్నేసుకుని చెమటలు కక్కుతూ పడుకున్నాం. పొద్దున చూస్తే మళ్ళీ తొమ్మిదే. నాకు పిచ్చెక్కిపోయింది. గోడని తిట్టాను, ఓనరుని తిట్టాను, మకీసి చేతులని కూడా తిట్టాను. ఇంట్లో పుట్టిన వేడి ఎక్కడికి పోతోందో దేవుడికే తెలియాలి.

జూలై చివర్లో సెమిసికి దగ్గు పట్టుకుంది. "మామూలు దగ్గేనమ్మా," అన్నాడు. అలా అంటూనే మెట్టు ఎక్కడానికి ఆయాసపడ్డాడు. మర్నాడు డాక్టరుకి చూపిద్దామనుకున్నాం. పొద్దున టీ తీసుకెళ్ళేసరికి వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచాడు గానీ లేవలేకపోయాడు. ఆ తర్వాత అంబులెన్సు, అరుపులు, వాడి మొహం మీద మాస్కు. నేను వాడి మొహం తప్ప ఇంకేదీ చూడలేదు. డునెడిన్ పెద్దాసుపత్రిలో వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. నర్సు హెదర్ చెప్పినట్టే వాడి గుండె తట్టుకోలేదు. మూడోరోజు పోయాడు.

వాడిని ఇంటికి తెచ్చుకున్నాం. హాల్లో పరుపులు, సోఫాలు అన్నీ తీసేసి చాపలు పరిచాం. శవం ఉండాల్సిన గది చల్లగా ఉండాలి కాబట్టి, మాఫి పొయ్యిలో నిప్పు ఆర్పి బూడిద కూడా ఎత్తేశాడు. చలికాలంలో ఆ పొయ్యి చల్లారడం అదే మొదటిసారి. సెమిసి తల దగ్గర లవీనియా కూర్చుంది, రెండు పక్కలా చెల్లెళ్ళు. మగవాళ్ళు పెరట్లో వంటలు చూస్తున్నారు. బతికుండగా పడుకోని గదిలో వాడు ఇప్పుడు నడిమధ్య పడుకుని ఉన్నాడు.

"లెసీలీ, వాడి నడుముకి చుట్టే చాప తీసుకురా. మంచిది తే, చర్చికి కట్టుకెళ్ళేది," అంది లవీనియా. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకి.

మధ్యాహ్నం వేళ వెనక గదిలోకి వెళ్ళాను. పక్క చెదిరినట్టే ఉంది, టీ కప్పు కూడా అక్కడే ఉంది. మా వాళ్ళు ప్రార్థనకి బట్టల మీద కట్టుకునే ఆ నేత చాప అలమారా పైన చుట్టి ఉంది. అందుకుందామని మంచం ఎక్కాను. అప్పుడు కనిపించింది. సీలింగ్‌లో గొట్టం మూతి ఉండాల్సిన చోట ఒక దిండు. వాడి దిండే. గాలి దూరే సందు లేకుండా లోపలికి కుక్కి, ఊడిపడకుండా చుట్టూ టేపు అంటించి ఉంది. ఆ టేపు మీద టేపు, దాని మీద ఇంకో టేపు. రోజూ పొద్దున పీకి, రోజూ రాత్రి చెల్లెళ్ళు పక్క మీద చేరే వేళకి అంటించిన గుర్తులు. చివరి పొద్దున లేచి పీకడానికి వాడికి ఓపిక లేకపోయింది. ఆ పొద్దున పైకి చూసే తీరిక మాకూ లేదు.

దిండు పట్టుకుని లాగాను. ఊడి నా చేతుల్లో పడింది. దాంతోపాటే హాల్లోంచి తూపో గొంతు, నా చెవి పక్కనే కూర్చుని చెప్తున్నట్టు.

"అన్నా, పొయ్యి ఆర్పేశారు. నీకు చలేస్తోందా?"

దిండు ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఈ దిండు కుక్కకపోతే రాత్రిళ్ళు వాడికి ఇలాగే వినపడేదన్నమాట. పడుకునే ముందు ఆడపిల్లలు చెప్పుకునే ప్రతి మాటా, పిసిల ఒంటి బాధలు, బడిలో ఎవడో పిల్లాడి సంగతి, అన్న అనేవాడు వినకూడనివన్నీ. నాతో చెప్పాలంటే ఏం వినపడుతోందో చెప్పాలి. అది వాడి నోట రాదు. చలేస్తోందని చెప్పినా ఎందుకని అడుగుతాను. అందుకని వెచ్చగా ఉందన్నాడు, నవ్వాడు, దిండు లేకుండా పడుకున్నాడు. నేను నేర్పిన మర్యాద అది. అది తప్పని నేననను, ఇప్పటికీ అనను. మా దీవిలో ఆ మర్యాద ఏ పిల్లాడి ప్రాణమూ అడగలేదు. ఈ ఇంటి గోడలు అడిగాయి. ఎండ చూడని ఆ గోడ మీద పిడికిలితో గుద్దాను. చెయ్యి తడిసింది.

"నీ సాక్సులు కంపు కొట్టేవి కాదు. ఊరికే అన్నాను," అంటోంది తూపో.

తర్వాత పిసిల గొంతు, ఇంకా మెల్లగా. "అత్త అటు వెళ్ళిందిగా, నేనొకటి చెప్తా విను అన్నా. అమ్మకి కూడా చెప్పలేదు."

అది వాడి కోసం చెప్తున్న మాట. చెల్లెలు మొదటిసారి మనసు విప్పి అన్నకి చెప్పుకుంటున్న మాట. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మంచం మీద నిలబడి, దిండుని ఎక్కడిదక్కడ కుక్కి, చుట్టూ టేపు ఒత్తాను. అది అంటుకునేదాకా రెండు చేతులతో అలాగే పట్టుకుని నిలబడ్డాను.